అరిసెలు మావి... బిల్లు ఎవరి పేరున?

సంక్రాంతి సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు ఫోను చేసినప్పుడు, ముగ్గుల గురించో పిండివంటల గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. వారి అంచనా తప్పు కాలేదు. ఇది పిండివంటల గురించే. అయితే పాకం ఎంత ముదరాలి, నువ్వులు ఎప్పుడు చల్లాలి అన్నది కాదు విషయం. ఆ పిండివంట అమ్ముడైతే బిల్లు ఎవరి పేరున వస్తుంది, చెక్కు మీద సంతకం ఎవరు పెడతారు, కొనాలో వద్దో నిర్ణయించే కుర్చీలో ఎవరు కూర్చుంటారు అన్నది విషయం. పండుగపూట డబ్బు మాటలేమిటని పెద్దలు ఎవరైనా అనుకుంటే ముందుగానే క్షమించమని కోరుతున్నాను. సంక్రాంతి అంటేనే పంట ఇంటికి వచ్చే పండుగ. పంట ఎవరి గాదెలోకి వెళ్ళిందో అడగడానికి ఇంతకంటే మంచి రోజు ఉండదు.

నేను బ్నీద్ అల్ గార్‌కు వచ్చి పాతికేళ్ళు దాటింది. ముందు సముద్రం, వెనుక ఇరుకు వీధులు, పాత ఫ్లాట్ల పక్కనే పెద్ద హోటళ్ళు. పూర్వం ఇక్కడ ఓడలకు తారు పూసేవారట, అరబ్బీలో గార్ అంటే తారు, అందుకే ఆ పేరని ఇక్కడి పెద్దలు చెబుతారు. సాయంత్రం వేళ ఏ బిల్డింగు మెట్లెక్కినా ఒక అంతస్తులో పోపు వాసన, మరొక అంతస్తులో కుట్టుమిషను చప్పుడు. మా ఆడవాళ్ళ చేతిలో పని లేని రోజు నేను చూడలేదు. పేరు ఉన్న పని మాత్రం అరుదుగా చూశాను.

నరసాపురం నుంచి తెచ్చుకున్న పాఠం

మాది నరసాపురం దగ్గర పల్లె. మా అమ్మ లేసు అల్లేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టేవరకు క్రోషా సూది ఆగేది కాదు. ఏజెంటు వచ్చి దారం ఉండలు ఇచ్చి వెళ్ళేవాడు. పదిహేను రోజులకు వచ్చి అల్లిన పువ్వులు లెక్కపెట్టుకొని, చేతిలో కొంత పెట్టి వెళ్ళేవాడు. ఎంత అని అమ్మ బేరమాడగా నేను చూడలేదు. "ఊరికే కూర్చోకుండా ఏదో కాలక్షేపం" అనేది. నాన్నగారు కూడా అదే మాట అనేవారు. కానీ మా అన్నయ్య కాలేజీ ఫీజు, నా పెళ్ళికి పట్టుచీర ఆ కాలక్షేపంలోనివే.

స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీలు పందొమ్మిదవ శతాబ్దంలో ఈ అల్లిక పని నరసాపురంలో నేర్పారు. అక్కడినుంచి మా జిల్లా లేసు దేశదేశాలకు ఎగుమతి అయింది. జర్మనీకి చెందిన మారియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త మా ఊళ్ళలో తిరిగి చూసి, నరసాపురం లేసు అల్లేవారి మీద 1982లో ఒక పుస్తకమే ప్రకటించింది. అందులోని ముఖ్యమైన సంగతి మా అమ్మ కథే. అల్లేది వేలమంది ఆడవాళ్ళు, వారిని పనివారని ఎవరూ అనరు, "ఇంట్లో ఊరికే కూర్చునే ఇల్లాళ్ళు" అంటారు. వ్యాపారం, ఎగుమతి, లాభం మగవారివి. పనికి పేరు లేకపోతే ధర కూడా ఉండదని ఆవిడ చూపించింది.

తరువాత కాలంలో రుస్తుంబాదలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఊరి పేరుకు ఆ గౌరవం దక్కినందుకు సంతోషమే. మా అమ్మ మాత్రం తాను అల్లిన బల్లగుడ్డ మీద ఎవరి చీటీ అంటించారో చూడకుండానే వెళ్ళిపోయింది.

ఈ కథ చదివి "పాపం ఆ కాలం వాళ్ళు" అనుకున్నాను. నేనూ అదే అరుగు మీద కూర్చున్నానని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

సంతకం లేని వంటిల్లు

మన సంఘం సంక్రాంతి విందుకు మా బిల్డింగులో నలుగురం కలిసి అరిసెలు వండడం ఏనాడో మొదలైంది. తడిపిండి కొట్టుకోవడం, ఉండపాకం పట్టడం, తెల్లవారేవరకు ఒకరు ఒత్తితే ఒకరు వేయించడం... అదొక వేడుకగా ఉండేది. డబ్బు మాట లేదు. అందరూ మెచ్చుకునేవారు. కొన్నేళ్ళకు విందు పెద్దదైంది, భోజనాల కాంట్రాక్టు ఒక హోటలుకు వెళ్ళింది. ఆ హోటలాయన వచ్చి, "అమ్మా, అరిసెలు మాత్రం మీరే చెయ్యాలి, నా వంటవాళ్ళకు రావు" అన్నాడు. చేశాం. సంఘం ఆయనకు బిల్లు చెల్లించింది. మాకు ఆయన ఇచ్చింది బెల్లం, నూనె ఖర్చులకు కాస్త పైన. వేదిక మీద శాలువా, జ్ఞాపిక ఆయనకు. మేము కింద కూర్చుని చప్పట్లు కొట్టాము. ఆయన చెడ్డవాడు కాదు. లైసెన్సు ఆయనది, పేరు ఆయనది, అంతే.

అప్పుడు నాకు మరొక విషయం కూడా తెలిసింది. నేను 22వ నెంబరు ఆధారిత వీసా మీద ఉన్నాను. ఆ వీసా మీద ఉన్నవారు జీతానికి పనిచేయరాదు. ఇంట్లో వండి బయట అమ్మడానికి బలదియా అనుమతి, ఆహార శాఖ అనుమతి లేకపోతే అది నేరం. మనలో చాలామంది అక్కచెల్లెళ్ళకు ఈ సంగతి నేటికీ తెలియదు. తెలిసినవారు భయంతో ఊరుకుంటారు, తెలియనివారు ధైర్యంగా ప్రమాదంలో పడతారు.

చట్టప్రకారమే చేద్దామని మావారు, నేను నిశ్చయించుకున్నాం. నేను 18వ నెంబరుకు, అంటే మనవాళ్ళు షూన్ వీసా అనే దానికి మారాను. కువైట్ 1980 నాటి 68వ నెంబరు వాణిజ్య చట్టం ప్రకారం విదేశీయులు వ్యాపారం పెట్టాలంటే కువైటీ భాగస్వామికి కనీసం 51 శాతం ఉండాలి. విదేశీ పెట్టుబడుల కోసం 2013లో 116వ నెంబరు చట్టం తెచ్చి నూటికి నూరు శాతం యాజమాన్యానికి దారి తెరిచారు గానీ, అది అరిసెలు వండుకునే మా వంటివారికి అందే దారి కాదు. మాకు తెలిసిన ఒక కువైటీ అమ్మగారు 51 శాతానికి ముందుకు వచ్చారు. మిగతా 49 శాతం కాగితాల మీద మావారి పేరున వ్రాయించాం. మేనేజరు ఆయనే, బ్యాంకు సంతకం ఆయనదే. "మీ ఇద్దరిలో ఎవరైతేనేమి, ఆయన పేరైతే పని సులువు" అని కాగితాలు వ్రాసినాయన అన్నాడు. నేనూ సరే అన్నాను. ఆలుమగల మధ్య నీది నాది ఏమిటనుకున్నాను.

వంటిల్లు నడిచింది. నాతో ముగ్గురు ఆడవాళ్ళు పనిచేసేవారు. ధర కట్టేది నేను, సరుకు తెచ్చేది నేను, ఆర్డర్లు పట్టేది నేను.

2020 ఫిబ్రవరిలో మా మామగారు కాలం చేశారు. మావారు ఊరికి వెళ్ళారు. మార్చి 13న కువైట్ విమానాలు ఆగిపోయాయి. కొద్ది రోజులకు మన దేశంలోనూ ఆగిపోయాయి. మే 10 నుంచి 30 వరకు ఇక్కడ పూర్తి కర్ఫ్యూ. ఆగస్టు 1న విమానాలు మళ్ళీ మొదలైనా, మన దేశం నుంచి నేరుగా వచ్చే అనుమతి లేదు. దుబాయిలో 14 రోజులు ఉండి మావారు తిరిగి వచ్చేసరికి నవంబరు.

ఆ తొమ్మిది నెలలు నేను చెక్కు వ్రాయలేకపోయాను. కంపెనీ ఖాతాలో డబ్బు ఉంది, నాకు దాని మీద హక్కు లేదు. ముగ్గురు ఆడవాళ్ళకు జీతం ఇవ్వాలి, అద్దె కట్టాలి, లైసెన్సుకు గడువు దగ్గరపడుతోంది. ఊరినుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపిద్దామంటే అక్కడ ఆఫీసులు మూత. కువైటీ అమ్మగారు ఫోనులో, "నిన్ను నేను నమ్ముతానమ్మా, కానీ బ్యాంకు నన్ను కాదు, కాగితాన్ని నమ్ముతుంది" అన్నారు. ఎంత నిజం! నా మెడలోని రెండు గాజులంత గొలుసు అమ్మి రెండు నెలల జీతాలు ఇచ్చాను. ఆ తరువాత గ్రైండరు, పెద్ద పొయ్యిలు అయినకాడికి అమ్మేసి తాళం వేశాం. మావారు తిరిగి వచ్చి ఖాళీ వంటిల్లు చూసి, "తప్పు నాది కాదు, నీది కాదు, కాగితానిది" అన్నారు. ఆ కాగితం మేమిద్దరం కలిసి వ్రాయించినదే కదా!

మూడు తలుపులు

ఆ తరువాత తీరిక దొరికి, ఆడవారి వ్యాపారాల గురించి లోకంలో ఎక్కడ ఏం జరిగిందో తెలుసుకోవడం మొదలుపెట్టాను. తిప్పితిప్పి మూడు తలుపులు కనిపించాయి. మొదటిది చట్టం. రెండవది కొనుగోలు, అంటే కాంట్రాక్టు. మూడవది నిర్ణయించే కుర్చీ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మూసి ఉన్నా మిగతా రెండు తెరిచీ లాభం లేదు.

మొదటి తలుపు: చట్టం. సంతకం బాధ నా ఒక్కదానిదే అనుకున్నాను. ఎంతో ముందున్నదని మనం అనుకునే అమెరికాలో కూడా కొన్ని రాష్ట్రాలలో ఆడమనిషి వ్యాపారానికి అప్పు అడిగితే భర్తదో, తండ్రిదో, ఆఖరికి కొడుకుదో సంతకం కావాలనేవారట. 1988లో మహిళల వ్యాపార యాజమాన్య చట్టం వచ్చాక గాని ఆ పద్ధతి పోలేదు. అది ఊరికే రాలేదు. వ్యాపారం చేసే ఆడవారు సంఘాలుగా చేరి, చట్టసభ ముందుకు వెళ్ళి, జరిగిన అవమానాలను సాక్ష్యంగా చెప్పారు.

మన తెలుగునాట కూడా పెద్ద తలుపు ఒకటి ముందే తెరుచుకుంది. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్ళయినవారికి మాత్రం వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. వ్యాపారానికీ దీనికీ సంబంధం ఏమిటంటారా? బ్యాంకువాళ్ళు మొదట అడిగేది హామీ. పేరున సెంటు భూమి లేని మనిషికి హామీ ఎక్కడనుంచి వస్తుంది?

మనం ఉంటున్న ఈ దేశాన్ని కూడా చూడండి. 2005 మే 16న ఇక్కడి ఆడవారికి ఓటుహక్కు వచ్చింది. మరుసటి నెలలోనే మసూమా అల్ ముబారక్ తొలి మహిళా మంత్రి అయ్యారు. 2009లో నలుగురు మహిళలు జాతీయ అసెంబ్లీకి ఎన్నికయ్యారు. వారిలో రోలా దష్తీ అంతకుముందు కువైట్ ఆర్థిక సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలిగా పనిచేసినవారు. ఆర్థిక విషయాలు మాట్లాడే సంఘంలో కుర్చీ సంపాదించాక చట్టసభలో కుర్చీ వచ్చింది. చిన్న సంఘం కుర్చీని చిన్నచూపు చూడకూడదని నాకు అందులో కనిపించింది.

రెండవ తలుపు: కొనుగోలు

మెచ్చుకోలుతో పొయ్యి వెలగదు. ఆర్డరు కావాలి. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద ఖాతాదారు ప్రభుత్వమే. కుర్చీలు, కాగితాలు, బట్టలు, భోజనాలు, అన్నీ కొంటుంది. ఆ కొనుగోలులో కొంతభాగం ఆడవారి సంస్థల నుంచి కొనాలన్న ఆలోచన నాకు అన్నిటికంటే నచ్చింది. ఇది దానం కాదు. సరుకు ఇచ్చి డబ్బు తీసుకోవడం.

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టులలో 5 శాతం మహిళల సంస్థలకు వెళ్ళాలని 1994లో లక్ష్యం పెట్టారు. ఆ లక్ష్యాన్ని మొదటిసారి అందుకున్నది 2015 ఆర్థిక సంవత్సరంలో. అంటే 21 సంవత్సరాలు! లక్ష్యం వ్రాసుకోవడం వేరు, ప్రతి సంవత్సరం లెక్క చూసి అడిగేవారు ఉండడం వేరు.

మన దేశంలో చిన్న, సూక్ష్మ పరిశ్రమల నుంచి కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొంత శాతం కొనాలన్న ఉత్తర్వు 2012లో వచ్చింది. మొదట 20 శాతం. 2018 నవంబరులో దానిని 25 శాతం చేసి, అందులో 3 శాతం మహిళల సంస్థలకని ప్రత్యేకించారు. టెండరు ఫారాలు ఉచితం, ధరావతు సొమ్ము కట్టనక్కరలేదు. మహిళ సంస్థ అనిపించుకోవడానికి ఏం కావాలో తెలుసా? భాగస్వామ్యంలో స్త్రీల వాటా కనీసం 51 శాతం!

ఈ 51 అంకె చదివినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కువైట్‌లో 51 ఇక్కడివారిది, మిగిలిన 49 మావారిది, నాది సున్నా. దేశం మారినా, చట్టం మారినా వాటా అంకె దగ్గరే ఆడదాని తలరాత ఉందన్నమాట.

నా దగ్గర పనిచేసిన ముగ్గురిలో ఒకామె పాలకొల్లు వెళ్ళిపోయి మిఠాయిల యూనిట్ పెట్టుకుంది. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం అని 2008లో వచ్చినదొకటి ఉంది. అందులో మహిళలు సొంతంగా పెట్టవలసింది 5 శాతమే, పల్లెలో అయితే సబ్సిడీ 35 శాతం దాకా. ఆమె ఆ పథకం కింద అప్పు తీసుకుంది. ఉద్యమ్ నమోదు చేయించుకుంది. కాగితాలన్నీ ఆమె పేరునే. అది చాలదా అనిపించింది నాకు. మొన్న ఫోను చేసి, "అక్కా, సరుకు ఇప్పటికీ షావుకారుకే వేస్తున్నాను. టెండరంటే భయం. ఆ ఆఫీసులో ఎవరిని అడగాలో తెలియదు" అంది. రెండవ తలుపు చట్టంలో తెరిచే ఉంది, కానీ గుమ్మం దాకా చెయ్యిపట్టి తీసుకువెళ్ళే మనిషి లేదు. ధరావతు కట్టనక్కరలేదని నేను చెప్పేదాకా ఆమెకు తెలియనే తెలియదు.

చెయ్యిపట్టి తీసుకువెళ్ళేది సంఘమే. హైదరాబాదులో 1993లో కె. రమాదేవిగారి నాయకత్వంలో మహిళా పారిశ్రామికవేత్తల సంఘం, మనం అలీప్ అనేది, ఏర్పడింది. ఒక్కొక్క ఆడమనిషి వెళ్ళి షెడ్డు అడిగితే ఇవ్వనివారు, సంఘంగా వెళ్ళి అడిగితే స్థలం ఇచ్చారు. గాజులరామారంలో ఆడవారే నడుపుకునే పారిశ్రామికవాడ వెలిసింది. తరువాత విజయవాడ దగ్గర సూరంపల్లికీ ఆ పని విస్తరించింది.

పల్లెలలో డ్వాక్రా సంఘాల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మన అత్తలు, వదినలు అందులో ఉన్నవారే. పొదుపుతో మొదలై, ఐకేపీ కేంద్రాలలో ధాన్యం కొనుగోలు దాకా వచ్చారు. తూకం వేసేది, రసీదు వ్రాసేది మహిళా సంఘాలే అన్నది నాకు గొప్ప సంగతి. అలాగే 2003లో బడిపిల్లలకు మధ్యాహ్నం వండిన భోజనం మొదలైనప్పుడు వంట బాధ్యత మహిళా సంఘాలకు ఇచ్చారు. అయితే బిల్లులు నెలల తరబడి రాక, అప్పు చేసి వండుతున్నామంటూ వంట చేసే అమ్మలు ధర్నాలకు కూర్చోవడం కూడా మనం పత్రికలలో చూస్తున్నాం. కాంట్రాక్టు ఇస్తే చాలదు, సమయానికి డబ్బు ఇవ్వాలి. పెద్ద వ్యాపారికి మూడు నెలల ఆలస్యం చిరాకు. చిన్న వంటిల్లుకు అది తాళం.

మూడవ తలుపు: కుర్చీ

కంపెనీల బోర్డులలో ఆడవారు ఉండాలన్న మాట మొదట గట్టిగా అన్నది నార్వే. 2003లో 40 శాతం అని చట్టం చేసి, 2008కల్లా అమలు చేసి చూపించారు. మన దేశంలో 2013 నాటి కంపెనీల చట్టం, షేర్ మార్కెట్‌లో ఉన్న ప్రతి కంపెనీ బోర్డులోనూ, కొంత స్థాయి దాటిన పబ్లిక్ కంపెనీలలోనూ కనీసం ఒక మహిళ ఉండాలన్నది. మన పక్కనున్న యు.ఏ.ఈ. కూడా 2021లో లిస్టెడ్ కంపెనీలకు ఆ నియమం పెట్టింది.

చట్టం రాగానే మన దేశంలో ఏం జరిగింది? చాలాచోట్ల యజమానిగారి భార్యో, కూతురో, కోడలో డైరెక్టరైంది. వారిలో సమర్థులు లేరనడం లేదు. కానీ పంచాయతీలలో సర్పంచ్ ఆవిడైతే కుర్చీలో ఆయన కూర్చునే తంతు మనకు తెలిసిందే కదా! అందుకే సెబీ మరో అడుగు వేసి, మొదటి 500 కంపెనీలు 2019 ఏప్రిల్ 1 నాటికి, మొదటి 1000 కంపెనీలు 2020 ఏప్రిల్ 1 నాటికి ఒక స్వతంత్ర మహిళా డైరెక్టరును నియమించాలన్నది. స్వతంత్ర అంటే యజమాని కుటుంబానికి చెందని మనిషి. పేరు ఒకరిది, పెత్తనం ఒకరిది కాకూడదన్నది అందులోని ధర్మం.

మన ఇంటి సంగతి

ఇక దూరపు కొండలు వదిలి మన సంఘం దగ్గరకు వద్దాం. చట్టం, కొనుగోలు, కుర్చీ... ఈ మూడూ మన చేతిలో కూడా ఉన్నాయి. మన నియమావళే మన చట్టం. సంవత్సరానికి నాలుగు పండుగలకు మనం భోజనాలు, వేదిక అలంకరణ, పిల్లల డ్రెస్సులు, జ్ఞాపికలు, ఈ సంచిక అచ్చు, అన్నీ కొంటున్నాం. మన కార్యవర్గమే మన బోర్డు.

కార్యవర్గ సోదరులను నొప్పించాలని కాదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మహిళా విభాగం అని ఒకటి పెట్టి మాకు ముగ్గుల పోటీ, వంటల పోటీ ఇచ్చారు. సంతోషమే. ఏ హోటలుకు ఆర్డరు ఇవ్వాలో నిర్ణయించే రోజు మమ్మల్ని పిలవరు. "ఆడవాళ్ళే ముందుకు రారు" అంటారు. గురువారం రాత్రి పదింటికి మీటింగు పెడితే, పిల్లలను ఎవరి దగ్గర వదిలి రావాలి? శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పెట్టి చూడండి, ఎంతమంది వస్తారో. "సంఘం సొమ్ముతో ప్రయోగాలు చేయలేం, నాణ్యత చూడాలి" అని కూడా ఒక పెద్దాయన అన్నారు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. నాణ్యత లేని సరుకు ఎవరిదైనా వద్దు. కానీ పది సంవత్సరాలు మీరు హోటలు అరిసెలని మెచ్చుకుని తిన్నవి మావే కదండీ!

వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు ప్రతిపాదనలు పెట్టదలచాను. ముందే అచ్చులో చెబుతున్నాను, ఇంట్లో కూర్చుని భార్యాభర్తలు మాట్లాడుకుని రండి.

ఒకటి. వీసా, లైసెన్సు, భాగస్వామ్యం విషయాలపై తెలుగులో ఒక చిన్న కరపత్రం సంఘం తరఫున వేయాలి. నిబంధనలు మారుతూ ఉంటాయి. 18వ నెంబరు వీసాలో ఉన్నవారు కంపెనీలలో వాటా తీసుకోవడంపై 2024లో వచ్చిన ఆంక్షలు మనవారిని ఎంత కంగారు పెట్టాయో మీకు తెలుసు. కాబట్టి తెలిసిన న్యాయవాదికి చూపించి, ఏటేటా సరిచేయాలి. తిరిగి ఊరు వెళ్ళిపోయే అక్కచెల్లెళ్ళ కోసం అక్కడి పథకాలు, టెండరు నియమాలు కూడా అందులో ఉండాలి. ముఖ్యంగా ఇళ్ళలో పనిచేసి వెళ్ళే కడప, గోదావరి జిల్లాల ఆడవారికి. ఎన్నో ఏళ్ళ కష్టార్జితంతో వెళ్ళేవారు వారే, మోసపోయేది కూడా వారే.

రెండు. మన సంఘం కొనుగోళ్ళలో కనీసం నాలుగవ వంతు, నిజంగా ఆడవారి వాటా, సంతకం ఉన్న లైసెన్సు గల సంస్థల నుంచి కొనాలి. మూడు కొటేషన్లు తీసుకోండి, రుచి చూడండి, ధర సరిపోతేనే ఇవ్వండి. ఇచ్చాక 15 రోజులలో డబ్బు చెల్లించండి. సంవత్సరాంతంలో ఆ లెక్క ఈ సంచికలోనే అచ్చు వేయండి.

మూడు. కార్యవర్గంలో మూడింట ఒక వంతు మహిళలు ఉండాలి. కార్యవర్గ సభ్యుల భార్యలుగా కాదు, స్వతంత్రంగా సభ్యత్వం తీసుకుని పోటీచేసినవారుగా. కోశాధికారి, ఉపకోశాధికారి పదవులలో ఒకటి తప్పక మహిళది కావాలి. చెక్కు మీద రెండవ సంతకం ఆమెది కావాలి. సంతకం విలువ నాకు తెలిసినంతగా ఇంకెవరికైనా తెలుసో లేదో!

ఇవి నెగ్గుతాయో లేదో చెప్పలేను. మావారు మాత్రం వ్రాసినది చదివి, "మొదటి చెయ్యి నేను ఎత్తుతాను" అన్నారు. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగి, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. పోయిన నెల ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఏదో డిజైన్ వ్యాపారం పెడదామని కాగితాలు తెచ్చింది. నేను ఏ లాభనష్టాలూ అడగలేదు. కళ్ళజోడు పెట్టుకుని వాటా ఎవరికి ఎంత, సంతకం ఎవరిది అని ఆ రెండు పంక్తులే వెతికాను. రెండు చోట్లా దాని పేరు ఉంది. "ఏంటమ్మా అలా చూస్తున్నావు?" అంది. ఏమీ లేదన్నాను.

ఈ భోగి రోజున పాత చాపలు, విరిగిన కుర్చీలతోబాటు "మీ ఇద్దరిలో ఎవరి పేరైతేనేమి" అన్న పాత మాటను కూడా మంటలో వేద్దాం. ఈసారి విందుకు కూడా అరిసెలు మా నలుగురివే. పాకం కుదిరింది. తిని బాగున్నాయంటే సంతోషిస్తాం. సర్వసభ్య సమావేశానికి వచ్చి చెయ్యి ఎత్తితే ఇంకా సంతోషిస్తాం.

సభ్య కుటుంబాలందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు!